నలభై వరసలకు ఒకసారి

మాధవరం, చెన్నై–60
11 జూన్ 1997

అంతరిక్ష నమూనాల సహాయ నిధి కార్యదర్శి వెంకటపతి గారికి,

మాధవరం తాయారమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం ఇది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధి చివరింటి కోదండరాం గారు రాస్తున్నారు. టి. నగర్‌లో ఒక తెలుగు అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. నా మాటలు కూడా దిద్దబోయారు. భాష ఎంతైనా దిద్దుకోండి, కోపం మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. ఇందులో మర్యాద తక్కువైతే ఆ తప్పు ఆయనది కాదు.

మీ ఆఫీసు నుంచి నా కొడుకు మోహన్‌రాజ్‌కు నోటీసు వచ్చింది. మేము అల్లి పంపిన తీగవల మీద నూనె కనబడిందట. నూనె వాడలేదని వాడు సంతకం పెట్టి ఇచ్చిన మాట అబద్ధమట. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫైలు మూసేసి, మీరిచ్చిన కొత్త మిషను వెనక్కి తీసుకుని, ఇక ఏ సర్కారు పథకానికీ అర్జీ పెట్టకుండా వాడి పేరు కొట్టేస్తారట. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నాలుగు రోజులుగా షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, పిల్లాడిలా ముఖం తిప్పుకుంటున్నాడు. అందుకని నేను మాట్లాడుతున్నాను.

మేమెవరమో ముందు తెలుసుకోండి. మాది గిన్నెలు తోమే తీగ పీచు చేసే షెడ్డు. మా ఆయన మేజోళ్ల మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డప్పుడు జీతానికి బదులు చేతితో తిప్పే పాత మేజోళ్ల మిషను ఒకటి ఇచ్చి పంపారు. ఆయన పోయాక ఆ మిషనూ నేనూ మిగిలాం. మద్రాసు ఎండలో మేజోళ్లు ఎవరు తొడుగుతారు? నూలు తీసేసి అందులో తీగ ఎక్కించాను. గొట్టంలా అల్లుకుని దిగింది. దాన్ని చుట్టి ముడేస్తే పీచు. మైలాపూరులో ఏ హోటలు వెనకైనా చూడండి, అంట్ల దగ్గర మా పీచే ఉంటుంది.

రెండేళ్ల కింద మోహన్‌రాజ్ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆకాశంలో ఒక గొడుగు తెరుస్తారంట. మడిచి రాకెట్టులో పెట్టి పంపిస్తే ఆడ పోయి విచ్చుకుంటుందంట. దానికి గుడ్డ కావాలంట. గుడ్డంటే నూలుగుడ్డ కాదు, తీగతో అల్లింది. చిన్న షెడ్లోళ్లు నమూనా చేసి చూపిస్తే సర్కారే సాయం చేస్తుందంట" అన్నాడు. "పీచు కావాలంటావా ఆకాశానికి? ఆడ ఎవురు అంట్లు తోముతారు రా?" అని నవ్వాను. మర్నాడు ఆ తీగ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. బంగారు పూత పూసిన తీగ, వెంట్రుకలో సగం లేదు. చేతిలో ఉందని తెలియలేదు. చెయ్యి కదిపితే ఎండలో ఒక గీత మెరిసి మాయమైంది. ఆ రోజు నేను మళ్లీ నవ్వలేదు.

షెడ్డుకు సున్నం కొట్టించాడు. చెప్పులు బయట. దేవుడి పటం ముందు దీపంలో నూనె ఉంటుందని పటాన్నే వంటింట్లోకి మార్చాడు. అలాంటివాణ్ని అబద్ధీకుడంటారా? ఆ నూనె ఎవరు చూశారు? ఎంత ఉంది? చుక్కా, గరిటెడా? కంటితో చూశారా, కాగితంలో చూశారా? నాకు జవాబు కావాలి. రాకపోతే బెంగుళూరు వచ్చి మీ గేటు ముందు కూర్చుంటాను. నాకు కూర్చోవడం బాగా వచ్చు. ఏళ్ల తరబడి మిషను ముందు కూర్చున్నదాన్ని.

తాయారమ్మ (వేలిముద్ర)

•

బెంగుళూరు
20 జూన్ 1997

శ్రీమతి తాయారమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. అర్జీదారు మోహన్‌రాజ్ గారు కాబట్టి నియమం ప్రకారం జవాబు ఆయన నుంచే రావాలి. అయినా మీరడిగిన వివరాలు దాచవలసినవి కావు గనుక తెలియజేస్తున్నాను.

ఆ నూనెను ఎవరూ కంటితో చూడలేదు. నమూనాను ఒక ఉక్కు పాత్రలో ఉంచి, లోపలి గాలినంతా తోడేస్తాం. అంతరిక్షంలో లాగే అక్కడా ఏమీ ఉండదు. ఒక పగలు, ఒక రాత్రి వేడి చేస్తాం. పక్కనే చల్లని గాజుపలక ఒకటి ఉంటుంది. వల మీద ఏ జిడ్డు ఉన్నా, గాలి లేని చోట అది పట్టుకుని ఉండలేదు. ఆవిరై లేచి వెళ్లి ఆ చల్లని గాజు మీద వాలుతుంది. మీ నమూనా తర్వాత గాజు మీద పలచటి మసక కనబడింది. తూకం వేస్తే ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేదు.

అంత తక్కువైనా మేము ఒప్పుకోలేం. పైన అదే జరిగితే ఆ మసక ఉపగ్రహం కంటి అద్దం మీద వాలుతుంది. తుడవడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ప్రయోగశాల వారు మరొక సంగతి చెప్పారు. అది యంత్రాలకు వేసే నూనె కాదు. కొబ్బరినూనె లాంటిది. మీ షెడ్డులో కొబ్బరినూనె ఎందుకు వాడతారో వివరించగలరు. జవాబుకు గడువు జూలై ఆరు.

నియమాలలో లేకపోయినా ఒక్క మాట చేర్చుతున్నాను. వచ్చిన అయిదు నమూనాలలో తీగ ఎక్కడా తెగకుండా, అల్లికలో కన్ను ఎక్కడా జారకుండా ఉన్నది మీదొక్కటే.

భవదీయుడు,
వెంకటపతి

•

మాధవరం
27 జూన్ 1997

వెంకటపతి గారికి,

దొంగ దొరికింది. చెబుతాను.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పీచు మిషను తిప్పుతున్నాను. కోదండరాం గారు నిలబడి చదివారు. కొబ్బరినూనె అనే మాట రాగానే మోహన్‌రాజ్ టార్చి తీసుకుని మూలమూలలా వెతకడం మొదలుపెట్టాడు. నా కోడలు పుష్పవల్లి మాత్రం కదల్లేదు. నన్నే చూస్తోంది.

"అత్తా, నీ చెయ్యి యాడ ఉండాది?"

చూసుకున్నాను. నా కుడిచెయ్యి పాపిట దగ్గర ఉంది. వేళ్ల మధ్య కొక్కెపు సూది.

ఇది మీకు విడమరచి చెప్పాలి. మిషను మీద సూదులు గుండ్రంగా నిలబడి ఉంటాయి. నలభై వరసలు అల్లేసరికి తీగ బిగిసి పట్టేస్తుంది. అప్పుడు తిప్పడం ఆపి, కొక్కెపు సూదిని ఒకసారి జుట్టులో దువ్వి, ఆ గుండ్రం చుట్టూ మెల్లగా నడిపిస్తాను. మళ్లీ తిప్పితే సాఫీగా పోతుంది. బట్టలు కుట్టే ఆడవాళ్లు సూదిని తలలో రాస్తారు చూడండి, అదే. మా అమ్మ చేసేది. నేను చేస్తున్నానని నాకే తెలియదు. రోజూ తలకు నూనె పెట్టుకుంటాను. మీ బంగారు తీగకూ అదే చేశాను కాబోలు.

మోహన్‌రాజ్ తల పట్టుకున్నాడు. "దినమ్మూ చూస్తానే ఉండాను గదమ్మా!"

"దినమ్మూ చూస్తా ఉండావు. అందుకే కనపడలా" అంది పుష్పవల్లి.

కాబట్టి నూనె నాది, తల నాది. వాడు పెట్టిన సంతకంలో అబద్ధం లేదు. తెలియనిది తెలియదన్నాడు.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పబోతే కోదండరాం గారు కలం కింద పెట్టేశారు. "వాళ్లు అడగందానికి జవాబెందుకు తాయారమ్మా? కొరివితో తల గోక్కున్నట్టు!" అన్నారు. అడగలేదని దాస్తే రేపు అది కూడా ఆ గాజు మీదే వాలుతుంది, రాయండి అన్నాను. రాస్తున్నారు.

మీ అర్జీలో 'నమూనా చేసినవారు' అన్నచోట మోహన్‌రాజ్ పేరుంది, పక్కన వాడి డిప్లొమా ఉంది. చేసింది వాడు కాదు. లెక్కలు వాడివి, బొమ్మలు గీసింది వాడు, మిషనుకు సన్నసూదులు అమర్చింది వాడు. అల్లింది నేను. చదువుకున్నవారి పేరే ఉండాలని కాగితంలో ఉందట. వాడు రాయనంటే నేనే తిట్టి రాయించాను. కొట్టేయాల్సిన పేరు ఏదైనా ఉంటే అది నాది. కానీ నా పేరు మీ దగ్గర ఎక్కడా లేదు, ఎలా కొట్టేస్తారో మీరే చూసుకోండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. నా తలలో నూనె, సూదికి అంటి, సూది నుంచి తీగకు అంటి, మద్రాసు నుంచి రైలెక్కి బెంగుళూరు వచ్చి, గాలి లేని చోట నిలవలేక లేచి వెళ్లి గాజు మీద కూర్చుందంటే నాకు ఒళ్లు జలదరించింది. డెబ్బై దగ్గరపడ్డాయి. ఇంతవరకు నేను ఏం చేసినా చూసేవాళ్లు లేరనుకున్నాను. ఆడ అంత చిన్నది కూడా దాక్కోను చోటు లేదా? అది ఏ మాదిరి చోటు నాయనా? ఆ గొడుగు ఎక్కడ నిలబడుతుంది? ఎవరి నెత్తి మీద? కింద పడదా?

తాయారమ్మ (వేలిముద్ర)

•

బెంగుళూరు
19 జూలై 1997

తాయారమ్మ గారికి,

దీనితో పాటు ఆఫీసు ఉత్తరం మోహన్‌రాజ్ గారి పేరిట వస్తుంది. దాని భాష గట్టిగా ఉంటుంది. అందులో లేనివి ఇక్కడ రాస్తున్నాను.

మీ ఉత్తరం కమిటీ ముందు చదివాను. తల దువ్వుకోవడం దగ్గర అందరూ నవ్వారు. 'చేసింది వాడు కాదు' అన్నచోట ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ ఆనందన్ గారు కఠినమైన మనిషి. "ఇప్పటిదాకా ఒక తప్పనుకున్నాం, ఇప్పుడు రెండు. ఫైలు మూసేయండి" అన్నారు. కాదనడానికి నా దగ్గర నియమం ఏదీ లేదు. అందుకని వాదించలేదు. మీ వలను తెప్పించి బల్ల మీద పరిచాను.

ఆ రోజు కరెంటు లేదు. ఫ్యాను ఆగి ఉంది. అయినా వల అంచు మెల్లగా లేచి పడుతోంది. ఏమిటా అని చూస్తే, అది మా ఊపిరికి కదులుతోంది. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిదిమందీ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఊపిరి బిగబట్టారు. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే వల కనబడలేదు, అవతలి చెట్టు కనబడింది. వెలుతురు దాటిపోతుంది గానీ రేడియో తరంగం మాత్రం దాటలేదు, తగిలి వెనక్కి వస్తుంది. ఆనందన్ గారు చాలాసేపు చూసి, "ఒక్కసారి. ఒకే ఒక్కసారి" అన్నారు.

తీర్పు ఇది. సెప్టెంబరు ఆఖరు లోగా మీరే బెంగుళూరు వచ్చి, దుమ్ము చొరని మా గదిలో, కమిటీ కళ్లముందు కొత్త నమూనా అల్లాలి. తలకు టోపీ, చేతులకు తొడుగులు. చుక్క నూనె ఉండకూడదు. గాజు తేటగా వస్తే రెండు తప్పులూ మన్నిస్తారు. మసక వచ్చినా, తీగ తెగినా మోహన్‌రాజ్ గారి పేరు కొట్టేస్తారు. మిగిలిన నలుగురూ నూనె లేకుండానే అల్లారు, నలుగురికీ తీగ తెగింది. ఈ సంగతి మీరు తెలుసుకోవడం మంచిది.

మీరడిగిన ప్రశ్న. గొడుగు ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా ఉన్న దూరాన్ని పది, పన్నెండు సార్లు నిలువుగా పేర్చుకోండి. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో అదీ అంతే వేగంగా తిరుగుతుంది. కాబట్టి కింద నుంచి చూసేవారికి ఎప్పుడూ ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. ఎంత పరుగెత్తితే అంత నిలకడ. పడదు.

చివరగా ఒకటి. నోటీసులో 'అబద్ధం' అన్న మాట కమిటీది కాదు. ఆ ముసాయిదా నాది. 'పొరపాటు' అని రాసి ఉండవచ్చు. కాగితం చూసి రాశాను, మనిషిని చూడలేదు.

వెంకటపతి

•

మాధవరం
2 సెప్టెంబరు 1997

నాయనా వెంకటపతీ,

కోదండరాం గారు 'గారు' పెడతానన్నారు. తప్పు ఒప్పుకున్న మనిషికి ఆ దూరం వద్దన్నాను.

ముందు చెడ్డకబురు. నెలరోజులు ఓడిపోయాం. రోజూ సీకాయతో తలంటుకున్నాను. నూనె మానేశాను. జుట్టు కొబ్బరిపీచులా లేచి నిలబడింది. పక్కింటి మునియక్క చూసి, "ఏందక్కా, దయ్యం పట్టిందా?" అంది. ఆకాశం పట్టిందన్నాను.

మీ తీగ దాచిపెట్టి, అంతే సన్నని రాగితీగ మీద సాధన చేశాం. నా చెయ్యి తలకు పోతుందనే భయంతో పుష్పవల్లి నా కుడిచేతిని కొంగుతో నడుముకు కట్టేసి, తానే ఆగకుండా తిప్పింది. యాభై వరసలకు తెగింది. నలభై అయిదుకు తెగింది. మెల్లగా తిప్పినా తెగింది. మోహన్‌రాజ్ సూదులు మార్చాడు, మెరుగు పెట్టాడు, తెగింది. ఒక సాయంకాలం వాడు కొడవలిలా వంగిపోయి కూర్చుని, "అమ్మా, నూనె లేకుంటే మన పని లేదు. అంతే" అన్నాడు. నేను కూడా మనసులో అదే అనుకున్నాను. పైకి మాత్రం తిట్టాను.

ఇప్పుడు మంచికబురు. పోయిన శనివారం తలంటుకుని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, కట్లు ఏమీ లేకుండా ఊరికే కూర్చుని తిప్పుతున్నాను. నలభై వరసలయ్యాయి. చెయ్యి దానంతట అది లేచింది. తువ్వాలు దగ్గరికి పోయాక, అరె, వద్దు కదా అని జ్ఞాపకం వచ్చింది. దించేశాను. సూదులను ముట్టుకోనే లేదు. పిడి తిప్పాను. తీగ నీళ్లలా పోయింది.

మళ్లీ నలభై. మళ్లీ చెయ్యి లేచింది, ఉత్తదే దిగింది. మళ్లీ పోయింది. పుష్పవల్లిని పిలిచి, నలభై లెక్కపెట్టి ఆపమ్మా, నా చెయ్యి పైకి పోయి వచ్చేంతసేపు ఆగు, మళ్లీ తిప్పు అన్నాను. మునుపు యాభై దాటని పిల్ల రెండువేల వరసలు అల్లింది. తెగలేదు.

మోహన్‌రాజ్ భూతద్దం పట్టి కూర్చున్నాడు. చుట్ట నుంచి వచ్చే తీగ మెలిపడుతూ వస్తుందట. తిప్పుతున్నంతసేపూ మెలిక పెరుగుతుంది. ఆపితే తీగ తన మెలిక తానే విప్పుకుంటుంది. కంటికి కనపడనంత మెల్లగా, ఒక పాము ఒళ్లు సర్దుకున్నట్టు. నాకూ చూపించాడు. చూశాను నాయనా. అద్దం కిందపెట్టి, మళ్లీ తీసి చూశాను.

మా అమ్మ నూనె కోసం ఆగుతున్నాననుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఇన్నాళ్లూ పనిచేసింది నూనె కాదు, ఆగడం. ఎంత పొగరుగా ఉన్నాను, నా నూనె వల్లే, నా చేతి వల్లే అని! తీగకు కావాల్సింది నా నూనె కాదు. కాసేపు దాని మానాన దాన్ని వదిలేయడం.

ఇరవై రెండున బయల్దేరి వస్తున్నాం. మీరు రాసిన గొడుగు మాట రోజూ తలుచుకుంటున్నాను. మేడ మీద నిలబడి నెత్తి మీదికి చూస్తాను. కాకులు తప్ప ఏమీ కనబడవు. అయినా చూస్తాను.

తాయారమ్మ (వేలిముద్ర)

•

బెంగుళూరు
14 అక్టోబరు 1997

తాయారమ్మ గారికి నమస్కారాలు.

ఆ మూడు రోజులూ మీరు గాజుగోడకు అవతల మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఇవతల ఏం జరిగిందో మీకు తెలియదు. అది రాయకుండా ఫలితం రాయలేను.

మొదటి నలభై వరసలయ్యాక మీ చెయ్యి లేచింది. ఆనందన్ గారు కుర్చీలోంచి లేచి, "అదిగో, మళ్లీ తలకే! ఆపండి" అంటూ తలుపు వైపు నడిచారు. మీ చెయ్యి టోపీకి బెత్తెడు దూరంలో ఆగింది. ఖాళీగా దిగింది. యంత్రం తిరిగింది. ఆయన తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డారు. రెండోసారి, మూడోసారి కూడా నిలబడే చూశారు. మధ్యాహ్నం నేను వెళ్లి కుర్చీ వేస్తే కూర్చున్నారు. మూడో రోజు సాయంత్రం వరకు ఒక్క కన్ను జారలేదు.

మీరు వెళ్లాక నమూనాను పాత్రలో పెట్టాం. ఒక పగలు, ఒక రాత్రి కాదు, ఆనందన్ గారి పట్టుదల మీద మూడేసి ఉంచాం. తర్వాత గాజుపలక తీసి దీపానికి అడ్డంగా పట్టుకున్నాం. పలకను చూస్తున్నామో, పలక అవతల దీపాన్ని చూస్తున్నామో తెలియలేదు. తూకం వేశాం. ముందెంత ఉందో తర్వాతా అంతే. ఆనందన్ గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, మసక తన అద్దాలదేమో అన్నట్టు. తర్వాత నాతో తమిళంలో మెల్లగా ఒకే మాట అన్నారు: "ఒణ్ణుమే ఇల్లై." ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా ఎన్నో పరీక్షలు చూశాను. 'ఏమీ లేదు' అన్న మాటను ఎవరూ అంత భక్తిగా అనడం వినలేదు.

ఫైలు మూయడం లేదు. నోటీసులో 'అబద్ధం' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి పక్కన నా సంతకం పెట్టాను. ఆ కాగితం నకలు మోహన్‌రాజ్ గారికి పంపుతున్నాను. అసలు గొడుగుకు నాలుగు ముక్కల వల అల్లడానికి రెండో విడత సహాయం మంజూరైంది. ఆరుగురు పనివాళ్లకు మీరు నేర్పాలి.

పని పద్ధతి కాగితంలో ఆనందన్ గారు 'నాలుగు సెకన్లు ఆగవలెను' అని రాశారు. తర్వాత ఆయనే దాన్ని కొట్టేసి, 'ప్రతి నలభై వరసలకు ఒకసారి, చేయి తలదాకా ఎత్తి దించునంతసేపు ఆగవలెను' అని మార్చారు. ఇలాంటి వాక్యం ఇంతకుముందు మా ఫైళ్లలో లేదు.

ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. 'నమూనా చేసినవారు' అన్నచోట మీ పేరు రాశాను. పక్కన 'విద్యార్హత' అని ఉంది. నిబంధనను కమిటీ సడలించింది. అక్కడ ఏం రాయమంటారు?

వెంకటపతి

•

మాధవరం
9 మార్చి 1998

నాయనా వెంకటపతీ,

జవాబు ఆలస్యమైంది. పనిలో ఉన్నాం. ఆ గడిలో 'చదువు లేదు' అని రాయండి. ఖాళీగా పెట్టొద్దు. ఖాళీ పెడితే ఎవరో రాయడం మరిచిపోయారనుకుంటారు.

ఎర్రసిరా కాగితం వచ్చినరోజు మోహన్‌రాజ్ అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఆరుగురిని ఎంచుకున్నాను. మునియక్క, జెబ, పుష్పవల్లి, ఇంకో ముగ్గురు. కోడలు తప్ప అందరూ ఇరుగుపొరుగే. తెల్లటోపీలు పెట్టుకుని కూర్చుంటే మొదటిరోజు ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. తీగ చేతిలో పెట్టాక నవ్వు ఆగిపోయింది. నాకు ఆగిపోయినట్టే. జెబ గుండె మీద సిలువ గీసుకుంది. మునియక్క, "ఇది కనపడలా గదక్కా, దీన్నెట్ల పట్టుకునేది?" అంది. పట్టుకోవద్దు, పోనియ్యి అన్నాను.

మోహన్‌రాజ్ గోడకు ఒక గంట పెట్టాడు, నలభై వరసలకు మోగేలా. గంట వింటే తుళ్లిపడి తీగ తెంపారు. తీసేయించాను. చెయ్యి ఎత్తి దించండి, అదే గంట అన్నాను. సూది లేదు, నూనె లేదు, తలకు టోపీ ఉంది. ఎందుకత్తా ఊరికే ఎత్తడం అని ఒకరూ అడగలేదు. తీగ మెలిక విప్పుకోవడం వాళ్లకూ అద్దంలో చూపించాను కదా.

మొన్న గురువారం మీ ఆఫీసు నుంచి కొత్త పరిశీలకుడు వచ్చాడు. ఢిల్లీవాడట, తమిళం కొంచెం వచ్చు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆరు మిషన్లు ఒకే తాళంలో తిరుగుతున్నాయి. నలభై అయింది. ఆరుగురూ ఆపి, ఆరు కుడిచేతులూ తలలదాకా ఎత్తారు. షెడ్డులో చప్పుడు లేదు. బయట పాలకాలనీకి పోయే బస్సు బయల్దేరిన మోత కూడా ఎక్కడో దూరంగా వినబడింది. ఆ మనిషి గబుక్కున చెప్పులు విప్పేశాడు. గొంతు తగ్గించి నన్ను అడిగాడు, ఏ దేవుడికి మొక్కుతున్నారని.

నేను చెప్పేలోగా మునియక్క తల తిప్పకుండానే అంది: "మొక్కేది లేదు సార్. ఆగతా ఉండాము."

ఆయన ఆ ఆరు చేతులు దిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు ఆరు పిడులూ మళ్లీ తిరిగాయి.

తాయారమ్మ (వేలిముద్ర)